పరిహారానికి డబ్బుంది, కారణం వెతకడానికి లేదు

మా మేనత్తకు పన్నెండేళ్ళుగా సుగరు. రోజూ పొద్దున్నే 20 యూనిట్ల ఇన్సులిన్ తనే పొడుచుకుంటుంది. మూడేళ్ళ కిందట ఒకసారి, ఆవిడ వాడే ఎర్ర మూత సిరంజిలు వీధి చివర మెడికల్ షాపులో అయిపోయాయి. షాపు అబ్బాయి నారింజ మూతవి చేతిలో పెట్టాడు. "అదీ ఇన్సులిన్ సూదేనమ్మా, ఏదైనా ఒకటే" అన్నాడు. అత్త ఎప్పటిలాగే 20 గీత దాకా లాగి వేసుకుంది. పది రోజులు తిరిగేసరికి సుగరు మూడొందలు దాటింది. డాక్టరు గారు "ఏమ్మా, పెళ్ళి భోజనాలు ఎక్కువయ్యాయా?" అని నవ్వి డోసు 30కి పెంచారు. తగ్గలేదు. 36 చేశారు. కాస్త దారిలో పడింది. అంతలో షాపులోకి ఎర్ర మూతవి మళ్ళీ వచ్చాయి. పాతవి దొరికాయని సంబరపడి, అత్త 36 గీత దాకా లాగి పొడుచుకుంది. పదకొండు గంటలకు వంటింట్లో ఒళ్ళంతా చెమటలు పట్టి, గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. స్పృహ ఉంది కాబట్టి పక్కింటావిడ పట్టించిన పంచదార నీళ్ళు గుటక పడ్డాయి.

మేం మొదట తిట్టుకున్నది షాపు అబ్బాయిని. ఆ తర్వాత డాక్టరు గారిని. లెక్క అర్థమయ్యాక ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఆ లెక్క ఏమిటంటే, మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో అమ్ముతారు. సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులో వేసుకునే కార్ట్రిడ్జిలు, కొన్ని రకాల సీసాలు మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దేని సిరంజి దానిదే. 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. అత్త దగ్గరున్నది 40 సీసా. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు, అంటే సరిగ్గా 20 యూనిట్లు. నారింజ మూత సిరంజిలో అదే 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. 40 బలం మందులో అది ఎనిమిది యూనిట్లే. 30 గీతకు 12, 36 గీతకు దాదాపు పద్నాలుగున్నర. డాక్టరు గారు పెంచుతూ పోయింది చీటీ మీద, ఒంట్లోకి వెళ్ళింది మాత్రం పాత డోసు కన్నా తక్కువ. ఎర్ర మూత తిరిగొచ్చిన రోజున 36 నిజంగానే 36 అయింది. తారుమారు రెండో వైపు జరిగితే, అంటే 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే, ఒక్క పోటుకే రెండున్నర రెట్ల మందు లోపలికి పోతుంది.

బ్రిటన్ 1983లోనే మందునూ సిరంజినీ కలిపి 100కు మార్చేసి ఈ చిక్కు తెంచుకుంది. మనం ఇంకా రెండూ పక్కపక్కనే పెట్టుకుని, తేడా గుర్తుపెట్టుకునే బాధ్యతను డెబ్బై ఏళ్ళ ఆవిడ కళ్ళజోడు మీద వేశాం.

ఇలాంటి వాటిని వివరించడానికి జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పోలిక ఒకటి ప్రపంచమంతా వాడతారు. వరసగా నిలబెట్టిన చీజ్ ముక్కలు, ఒక్కో దానికి ఒక్కోచోట చిల్లులు. ప్రమాదం ఒక చిల్లులోంచి దూరినా తర్వాతి ముక్క దాన్ని ఆపుతుంది. అన్ని చిల్లులూ ఒకే వరసలోకి వచ్చిన రోజున అది రోగి దాకా వస్తుంది. మనకు చీజ్ కన్నా చిల్లుగారెలు దగ్గర కాబట్టి వాటినే తలుచుకోండి. తమాషా ఏమిటంటే గారెలకు చిల్లు ఎప్పుడూ నడిమధ్యే ఉంటుంది, ఎన్ని పేర్చినా అటునుంచి ఇటు కనిపిస్తూనే ఉంటుంది. మన ఆసుపత్రులకు ఈ పోలికే బాగా సరిపోతుందేమో. షాపులో ఫార్మసిస్టు లేకపోవడం, డాక్టరుకు రోగి మీద రెండు నిమిషాలకు మించి టైము లేకపోవడం, వార్డులో సిస్టర్లు చాలకపోవడం, అన్నీ ఒకచోటే పడ్డ చిల్లులు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్తుంది. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తాన్నీ ఒక్క సిస్టరే చూసుకోవడం మాత్రం ఆసుపత్రిలో ఒక్క రాత్రి పడుకున్న ఎవరికీ కొత్త కాదు.

ఇక్కడ మన భాషతో కూడా ఒక ఇబ్బంది ఉంది. పొరపాటు, తప్పు, నిర్లక్ష్యం మూడు వేర్వేరు మాటలు. కానీ పేపర్లో వచ్చేది ఒక్కటే: "వైద్యుల నిర్లక్ష్యంతో వ్యక్తి మృతి, ఆసుపత్రి ఎదుట బంధువుల ఆందోళన". చట్టం ఈ మూడింటినీ కలిపేయదు. క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా శిక్ష అంటూనే, రిజిస్టరైన డాక్టర్లు వైద్యం చేస్తూ అలా చేస్తే రెండేళ్ళ దాకా అంది. పరిహారం దారి వేరు. 1995 నుంచి వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది.

ఆ దారిలో నడిచిన హైదరాబాద్ కేసు ఒకటి చెప్తాను. 2002 జూలైలో ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చారు. ఆయన ఉద్యోగం మలేరియా విభాగంలోనే. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు, జబ్బు మలేరియా. ఆమె బతకలేదు. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం వేసింది, పై ఫోరాలు కొట్టేశాయి, సుప్రీంకోర్టు 2010లో మళ్ళీ నిలబెట్టింది. ఎనిమిదేళ్ళు పట్టింది. లాయర్లు ఈ తీర్పును ఇవాళ్టికీ ఉదహరిస్తారు, ఎందుకంటే ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని అందులో తేల్చారు. కానీ ఆ జ్వరం రోగిలో మలేరియాను ఎక్కడ జారవిడిచారు, ఏ పరీక్ష ఏ రోజున చేసి ఉంటే తెలిసేది, ఇంకో ఆసుపత్రి అదే గుంటలో పడకుండా ఏం చేయాలి? ఈ ప్రశ్నలు అడగడం కోర్టు పని కాదు. అవి అడగడానికి జీతమిచ్చి ఎవరినీ పెట్టలేదు.

నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. హాని జరిగాక డబ్బు ఏదో ఒక రూపంలో బయటికి వస్తుంది. ఎక్స్‌గ్రేషియా, కోర్టు పరిహారం, డాక్టర్ల ఇన్సూరెన్సు ప్రీమియం, గేటు దగ్గర గార్డులు, పగిలిన అద్దాలు. హాని పొందిన రోగిని మళ్ళీ బాగుచేయడానికయ్యే ఖర్చు వీటన్నిటికన్నా పెద్దది. ధనిక దేశాల ఆసుపత్రి ఖర్చులో 15 శాతం దాకా అందుకే పోతోందని ఆ దేశాల కూటమి ఓఈసీడీ 2017లో లెక్కగట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రతి పదిమంది రోగుల్లో ఒకరికి వైద్యం పొందుతూనే హాని జరుగుతోంది, ఏటా 30 లక్షలకు పైగా చనిపోతున్నారు, ఆ హానిలో సగానికి పైగా ఆపగలిగినదే. అంటే డబ్బు ఎలాగూ ఖర్చవుతోంది. కారణం వెతికి నలుగురికీ చెప్పే పనికి మాత్రం అందులోంచి చిల్లర కూడా రాలడం లేదు.

ఆ పనికి డబ్బు పెట్టిన సంఘటన మన హైదరాబాద్‌లోనే ఒకటుంది, 1889లో.

అప్పటికి క్లోరోఫాం వచ్చి నలభై ఏళ్ళు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల, కాలిగోరు తీయించుకోవడానికి మత్తు తీసుకుని చనిపోయింది. అప్పటి నుంచీ డాక్టర్లు రెండు జట్లయ్యారు. క్లోరోఫాం ముందు గుండెను ఆపుతుంది, కాబట్టి నాడి మీద వేలు పెట్టి కూర్చోవాలని లండన్ వాళ్ళు. ముందు ఆగేది ఊపిరి, నాడి సంగతి వదిలేసి ఊపిరి చూడండని ఎడిన్‌బరో వాళ్ళు. ఎడిన్‌బరోలో చదువుకుని హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. వేల మందికి క్లోరోఫాం ఇచ్చాననీ, తన పద్ధతిలో ప్రమాదమే లేదనీ ఆయన నమ్మకం. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేసి మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నివేదిక ఇచ్చారు. లండన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రిక దాన్ని నమ్మలేదు.

నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు వచ్చారు. ఆయన గుండె పక్షం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా చెప్పుకుంటారు. ఆఖరికి బ్రంటన్ కూడా లారీ మాటకే వచ్చారు. ముందు ఆగేది ఊపిరే, గుండెకు ప్రమాదం లేదు అని 1890లో ప్రకటించారు.

అది సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే లండన్ డాక్టరు, మత్తు పల్చగా ఉన్నప్పుడే క్లోరోఫాం గుండె లయను ఉన్నట్టుండి చెదరగొట్టి ఆపేయగలదని పిల్లుల మీద చూపించారు. హైదరాబాద్ కమిషన్ కుక్కలకు నిండుగా మత్తిచ్చి చూసింది కాబట్టి అది వాళ్ళ కంట పడలేదు. పైగా లారీకి జవాబు ముందే తెలుసు, ప్రశ్న తర్వాత వేశారు. వెయ్యి పౌండ్లు వృథా అంటారా? నేను అనను. ఊపిరి మీద కన్నేసి ఉంచడం మత్తు డాక్టరు మొదటి పని అన్న మాట మంచిదే. పైగా, మత్తులో ఒక రోగి పోతే అది ఆ డాక్టరు ఖర్మో ఆ రోగి తలరాతో కాదు, దానికి వెతకదగ్గ కారణం ఉంటుందని ఒక ప్రభుత్వం ఖజానా తెరవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ వెతుకులాట ఎలా చేయాలో తర్వాత దాదాపు తొంభై ఏళ్ళకు బోస్టన్‌లో తేలింది. జెఫ్రీ కూపర్ డాక్టరు కాదు, ఇంజనీరు. మత్తు డాక్టర్లను కూర్చోబెట్టి, "మీకు కొద్దిలో తప్పిన గండాలు చెప్పండి" అని అడిగారు. పేర్లు బయటపెట్టనన్నారు. 359 సంఘటనలు పోగయ్యాయి. 1978లో అచ్చయిన ఆ పరిశీలనలో 82 శాతం మనుషుల పొరపాట్లే. ట్యూబు ఊడిపోయింది, సిరంజి మారిపోయింది, గ్యాసు మీట తప్పు వైపు తిప్పారు. ఆయన ఆగింది అక్కడ కాదు. ఆ ట్యూబు ఊడితే ఎందుకు తెలియలేదు, ఆ మీటలు ఎందుకు ఒకేలా ఉన్నాయి అని అడిగారు. 1982లో మత్తు మరణాల మీద ఒక అమెరికా టీవీ కార్యక్రమం వచ్చి జనం హడలిపోయారు. 1985లో మత్తు డాక్టర్లే రోగుల భద్రత కోసం ఫౌండేషన్ పెట్టుకున్నారు, తర్వాత పరిశోధనలకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అంతసేపూ ఏమేం చూస్తూ ఉండాలో హార్వర్డ్ ఆసుపత్రులు రాసుకున్న నియమాలు 1986లో అచ్చయ్యాయి. వేలికి తొడిగే ఆక్సీమీటరు, మనందరికీ కరోనాలో పరిచయమైనది, థియేటర్లలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కొన్నేళ్ళకు మసాచుసెట్స్‌లో మత్తు డాక్టర్ల ఇన్సూరెన్సు ప్రీమియమే తగ్గిపోయింది. కారణం వెతకడానికి పెట్టిన డబ్బు ఎటు తిరిగి వస్తుందో చూడాలంటే నాకు తెలిసి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదు. విమానాల పోలిక ప్రతి ఒక్కరూ తెస్తారు కాబట్టి వదిలేస్తున్నాను.

అమెరికా ప్రభుత్వం మేలుకోవడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. ఏటా 44 వేల నుంచి 98 వేల మంది ఆసుపత్రి పొరపాట్లతో చనిపోతున్నారని 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేశాక, 2001కి పార్లమెంటు ఐదు కోట్ల డాలర్లు ఈ పరిశోధనకే కేటాయించింది. ఆ డబ్బు నడిపిన ఏహెచ్‌ఆర్‌క్యూ అనే సంస్థ సాయంతోనే మిచిగన్‌లో వందకు పైగా ఐసీయూలు చేతులు కడగడం లాంటి ఐదు పనుల చిట్టా ఒకటి పట్టుకుని, మెడ దగ్గర వేసే పెద్ద సెలైన్ గొట్టాల నుంచి వచ్చే రక్తపు ఇన్‌ఫెక్షన్లను చాలావరకు ఆపేశాయి. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. డాక్టరు ఒక మెట్టు దాటేస్తే "ఆగండి" అనే హక్కు నర్సుకు ఇచ్చారు, అంతే. 2025లో అదే సంస్థను వేరే ఆఫీసులో కలిపేస్తున్నట్టు అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి పనికి డబ్బు ఆపితే వెంటనే ఎవరూ ధర్నా చేయరు. తప్పిపోయిన చావు తన పేరు చెప్పుకోదు కదా.

ఇక మన దగ్గరికి వద్దాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ (కు.ని.) శిబిరం జరిగింది. ఒక్కరోజులో 34 మంది ఆడవాళ్ళకు డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి చూసే ల్యాపరోస్కోపు అనే గొట్టంతో చేసే ఆపరేషన్ చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని పరీక్షించి చాలామందిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. కుటుంబాలకు ఐదేసి లక్షలు, డబుల్ బెడ్రూం ఇళ్ళు ప్రకటించారు. విచారణ జరిగింది, ఇన్‌ఫెక్షన్ నియంత్రణలో లోపాలు బయటపడ్డాయి, సస్పెన్షన్లు, బదిలీలు అయ్యాయి.

ఈ ఆపరేషన్ల గురించి ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఇలాంటి శిబిరాల్లో ల్యాపరోస్కోపును మామూలుగా కత్తెరలాగా ఆటోక్లేవ్‌లో పడేసి ఉడికించరు. ఒకరికి వాడాక శుభ్రం చేసి, క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, శుద్ధమైన నీళ్ళతో కడిగి అప్పుడు రెండోవారికి వాడాలి. ఒక్కటే స్కోపు ఉంటే, నానడానికే 34 మందికి పదకొండు గంటల పైన కావాలి. మూడు ఉంటే నాలుగు గంటల దాకా. అందుకే కేంద్రం మార్గదర్శకాలు ఒక బృందం రోజుకు 30 మందికి మించి చేయకూడదన్నాయి, ఆ 30 కూడా మూడు స్కోపులుంటేనే. శిబిరం అంటే ఒక డాక్టరు, ఒక రోజు, ఒక టార్గెట్టు. మధ్యాహ్నం మూడు గంటలకు ఇంకా పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దుటినుంచి పస్తులుండి బెంచీల మీద కూర్చుని ఉంటే, ఆ 20 నిమిషాలను ఎవరు కాపాడతారు? ఇబ్రహీంపట్నంలో ఆ రోజు స్కోపులు ఎలా వాడారన్నది విచారణ చూసే విషయం, నేను చెప్పేది శిబిరం అనే పద్ధతి గురించి.

ఈ సంగతి ముందే తెలుసు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర ఒకే చోట కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లా శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో మూడేళ్ళలో ఈ శిబిరాల పద్ధతే మానుకోమంది. ఆ గడువు 2019తో అయిపోయింది. 2022లో ఇబ్రహీంపట్నం. శిబిరం మానాలంటే వారానికి రెండు రోజులు ఆపరేషన్ చేయగల సర్జనూ మత్తు డాక్టరూ ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఉండాలి, అదనపు స్కోపులు కొనాలి. తీర్పులో బడ్జెట్ ఉండదు.

మన దగ్గర అసలు డబ్బే లేదని కూడా అనలేం. 2015లో మొదలైన కాయకల్ప్ పథకంలో శుభ్రతలో రాష్ట్రంలో మొదట నిలిచిన జిల్లా ఆసుపత్రికి 50 లక్షల బహుమతి. ఆయుష్మాన్ భారత్‌లో, ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ పూర్తి గుర్తింపు ఉన్న ఆసుపత్రికి ప్యాకేజీ మీద 15 శాతం ఎక్కువ ఇస్తారు. రోగుల భద్రత కోసం 2018–2025 కాలానికి కేంద్రం ఒక జాతీయ ప్రణాళిక పత్రం కూడా రాసింది. చదవడానికి బాగుంటుంది. మీ జిల్లా ఆసుపత్రిలో దాని పేరు ఎందరు విన్నారో అడిగి చూడండి. ఇవన్నీ మంచివే గానీ ఒక చిక్కుంది. బహుమతి వచ్చేది ఇన్‌స్పెక్షన్ నాటికి సర్దుకున్న ఆసుపత్రికి. "ఈ నెల మా దగ్గర పన్నెండు మందుల పొరపాట్లు జరిగాయి" అని రాసుకున్న ఆసుపత్రి కాగితం మీద చెడ్డదిగా కనిపిస్తుంది, ఒక్కటీ రాయనిది మంచిదిగా కనిపిస్తుంది. నిజం దాదాపు ఎప్పుడూ తలకిందులే. పొరపాట్లు బయటపెట్టినవాళ్ళకు శిక్ష ఉండదని తెలిసిన చోట మొదట సంఖ్య పెరుగుతుంది, ఆ తర్వాతే హాని తగ్గుతుంది. సిస్టర్ తన పొరపాటు చెప్తే మెమో, డాక్టరు చెప్తే మీడియా కెమెరా, రోగి బంధువులు చెప్తే సెటిల్‌మెంట్ బేరం. ఇక చెప్పేదెవరు? డాక్టర్ల మీద దాడులకు వ్యతిరేకంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసింది, అవసరమే. ఆ భయం పోనంత వరకు కూపర్ అడిగిన ప్రశ్న మన వార్డుల్లో అడగలేం.

మరి జనానికి నేర్పడం సంగతి? 2019 నుంచి సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా జరుపుతున్నారు. ఆ రోజు కట్టడాలకు నారింజ రంగు లైట్లు వేస్తారు. నారింజ అనగానే నాకు అత్త సిరంజే గుర్తొస్తుంది, ఏం చేయను. లైట్ల వల్ల నష్టమేమీ లేదు గానీ, మన ఆసుపత్రుల్లో అసలు కాపలా ఎవరిదో ఒకసారి చూడండి. సెలైన్ సీసా చివరికొస్తే "సిస్టర్, అయిపోవచ్చింది" అని పరిగెత్తేది అటెండెంట్. రక్తం శాంపిల్ ల్యాబుకు మోసేది, బయటి షాపునుంచి మందు తెచ్చేది, రాత్రి ఒళ్ళు కాలుతోందని ముందు గమనించేది, అన్నీ కూతురో తమ్ముడో. వాళ్ళు మన ఆసుపత్రుల్లో జీతం లేని సిబ్బంది, పేర్చిన గారెల్లో ఆఖరిది వాళ్ళే. మిగతా సిబ్బందికి ఎంతో కొంత శిక్షణ ఉంటుంది, వీళ్ళకు ఒక్క గంట కూడా లేదు.

వాళ్ళకు చెప్పాల్సినవి పెద్ద విషయాలు కావు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయే దాకా వెళ్తుంది, ప్రపంచమంతా మళ్ళీ మళ్ళీ జరిగే పొరపాటు ఇది. చీటీ మీద "వీక్లీ" అని రాయడం కన్నా "ఆదివారం మాత్రమే" అని తెలుగులో రాస్తే చాలావరకు తప్పుతుంది. కు.ని. ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళే ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాలి: జ్వరం, వాంతులు, పొట్ట ఉబ్బడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఈ నంబరుకు ఫోన్ చేయి. దాని ఖర్చు జిరాక్సు ఖర్చు. ఇక మన ఊళ్ళలో అన్నిటికన్నా గట్టి నమ్మకం ఒకటుంది, సూది పడితేగానీ జ్వరం తగ్గదని. "మాత్రలు చాలు" అన్న డాక్టరును వదిలి, అడగ్గానే సూది వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాం. అక్కర్లేని ప్రతి సూదీ ఒక అలర్జీకో ఒక ఇన్‌ఫెక్షన్‌కో తలుపు తీసినట్టే. ఈ ఒక్క నమ్మకం మార్చడానికి పోలియో చుక్కల మీద పెట్టినంత ప్రచారం పెట్టినా తక్కువే.

తెలిసి ఉండాల్సినవి ఇంకో రెండున్నాయి. మీ కేస్ షీట్, పరీక్షల కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలోనే ఉంది. ఏ మందు వల్లయినా తేడా చేస్తే డాక్టరు ద్వారానే కాదు, మీరే నేరుగా చెప్పొచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే హెల్ప్‌లైన్ నంబరు 1800-180-3024, తెలుగు ఫారం కూడా ఉంది. ఈ నంబరును నేను మెడికల్ షాపు గోడ మీదగానీ, ఆసుపత్రి మెట్ల దగ్గరగానీ ఇంతవరకు పెద్ద అక్షరాల్లో చూడలేదు. షాపు గోడల మీద జాగా లేక కాదు, బలం టానిక్కుల పోస్టర్లు నిండుగానే ఉంటాయి.

అత్త ఇప్పుడు బాగానే ఉంది. సీసా మీద 40 అన్న అంకె చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంది, సిరంజి మూత దానితో పోల్చుకోనిదే సూది ముట్టుకోదు. మొన్న ఆవిడ కోసం సిరంజిలు తేవడానికి అదే షాపుకు వెళ్ళాను. ఆ అబ్బాయి మానేశాడట, ఇంకో కుర్రాడున్నాడు. కౌంటరు కింద నుంచి ప్లాస్టిక్ డబ్బా తీశాడు. ఎర్ర మూతవీ నారింజ మూతవీ అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. "ఎన్ని కావాలి సార్?" అన్నాడు.